తువాలు కింద బేరం

మొన్న మధ్యాహ్నం మా మరిది ఫోన్ చేశాడు. అప్పుడే అన్నం తిని, చేట ముందేసుకుని చింతపండులో గింజలు తీస్తున్నాను. "వదినె, పరకాల కాడ ఒక పాత షేరింగ్ మిషన్ ఉన్నదట. అన్నను జర పంపియ్యి, ఇద్దరం పోయి చూసొస్తం" అన్నాడు. షేరింగ్ మిషన్ అంటే మందపాటి రేకును కాగితం కత్తిరించినట్టు కత్తిరించేది. అతను మామూలుగానే అడిగాడు, పాపం. నేను మాత్రం చేట పక్కకు నెట్టి లేచి నిలబడ్డాను. "మీ అన్న ఇంట్ల లేడు" అని అబద్ధమాడి ఫోన్ పెట్టేశాను. మా ఆయన పక్క గదిలోనే గురక పెట్టి నిద్రపోతున్నాడు. ఇంత వయసొచ్చి, ఇద్దరు కోడళ్లకు అత్తనై కూడా, పాత మిషన్ అనే మాట వింటే నాకింకా భయమే. నవ్వేవాళ్లు నవ్వండి, ఎందుకలా అవుతుందో మాత్రం విని నవ్వండి.

మాది వరంగల్‌లో ఒక చిన్న వెల్డింగ్ దుకాణం. ముందు దుకాణం, వెనక ఇల్లు, నడుమ ఒకటే గోడ. గేట్లు, కిటికీ గ్రిల్స్, రేకుల షెడ్లు, ఊళ్ల నుంచి రైతులు తెచ్చే ట్రాలీల రిపేర్లు, ఇదీ మా బతుకు. వెల్డింగ్ పొగ, రంగుల వాసన తెల్లారింది మొదలు వంటింట్లోకి వస్తూనే ఉండేవి. మా ఇంటి పప్పుచారులో కరివేపాకు కన్నా ముందు ఇనుముకు పూసే ఎర్ర ప్రైమర్ వాసన తగులుతుందని మా ఆడబిడ్డ ఎక్కిరించేది. వాసనకు అలవాటుపడ్డాను, చప్పుడుకు అలవాటుపడ్డాను, భయానికి మాత్రం అలవాటుపడలేదు. మా పనివాళ్ల పెళ్లిళ్లకు పోయి చూడండి, తెలుస్తుంది. తలంబ్రాలప్పుడు అక్షింతలు వేయడానికి అందరూ చేతులెత్తుతారా, ఆ చేతుల్లో ఎక్కడో ఒకచోట ఒక వేలు తక్కువుంటుంది. ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. అక్షింతలు మాత్రం ఆ సందులోంచి జారి కిందపడుతుంటాయి. నేను పెళ్లికూతుర్ని చూడకుండా ఆ చేతులే చూస్తూ కూర్చునేదాన్ని.

నేనిలా భయపడుతుంటే, ఏళ్ల కింద ఒకసారి నా మొగుడికి పవర్ ప్రెస్ కొనాలని బుద్ధి పుట్టింది. గేట్లకు బిగించే పట్టీలకు ఒక్కొక్క రంధ్రం డ్రిల్లుతో వేస్తుంటే రోజంతా దానికే పోతోందని ఆయన బాధ. పవర్ ప్రెస్సయితే పట్టీ కింద పెట్టి కాలితో పెడల్ తొక్కడమే. పైనున్న ఇనుప దిమ్మ ధన్‌మని దిగి, రంధ్రం కొట్టి, పైకిపోయి ఆగుతుంది. మళ్లీ తొక్కితేనే మళ్లీ దిగుతుంది. కొత్తది మా తాహతు కాదు కాబట్టి పాతది వెతకాలి. దొరక్కముందే దుకాణంలో అది నిలబడే చోట సుద్దముక్కతో గీత గీసుకుని, దాన్ని ఎవరూ తొక్కకుండా కాపలా కాసేవాడు. చంటిపిల్లకు ఊయల కట్టిన తల్లి కూడా అంత మురిసిపోదు.

చివరికి ఒక దలాలి వచ్చి రఘునాథపల్లి దాటాక రోడ్డు పక్కన మూతపడ్డ షెడ్డులో ఒకటుందని కబురు చెప్పాడు. ఈ దలాలి అంతకుముందు అంగట్లో ఎడ్ల బేరాలు చేసేవాడు. ట్రాక్టర్లు వచ్చి ఎడ్లు పోయాక పాత మిషన్లకు మళ్లాడు. మాట, నడక, అన్నీ ఎడ్ల అంగడివే. మిషన్ చుట్టూ తిరిగి దాని నడుం మీద చరిచి "మంచి వయసుల ఉన్నది" అనేవాడు. పోవాలన్న రోజు శనివారం. నాకది దేవుడిచ్చిన సాకులా దొరికింది. "శనివారం నాడు ఇనుము బేరం చేస్తరా ఎవలన్న?" అన్నాను. "మన దుకాణంల ఉన్నదంత ఇనుమే గదనే, శనివారం బయట పారేస్తానమా?" అన్నాడాయన. నోరు మూసుకుని నేనూ బయలుదేరాను. ఎందుకంటే మా ఆయన ఒక్కడే బేరానికి పోతే అవతలివాడు చెప్పిందే రేటు. చీరల దుకాణంలో నేను బేరమాడుతుంటే, పక్కనే నిలబడి "పాపం ఇయ్యరాదు" అని వాళ్ల తరఫున మాట్లాడే మనిషి.

షెడ్డు ముందు దాని యజమాని, ఒక ముసలాయన, మా కోసం కూర్చుని ఉన్నాడు. తెల్లగడ్డం, తలమీద టోపీ, భుజం మీంచి ముందుకు వేసుకున్న శాలువా. మా ఆయన చాచా అని పిలిస్తే నేనూ అలాగే పిలిచాను. ఎడమచేత్తో తాళం తీశాడు, ఎడమచేత్తో స్విచ్ వేశాడు. ఎడమచేతి వాటమేమో అనుకున్నాను. లోపల చల్లగా, ఎలుకల వాసన, పాత ఆయిలు వాసన. మూలన నల్లగా అది నిలబడి ఉంది. పక్కనున్న పెద్ద చక్రం తిరగడం మొదలుపెడితే నేల కూడా వణికింది. చాచా ఒక రేకుముక్క పెట్టి, తొక్కి చూపించాడు. నేను ఒక అడుగు వెనక్కి వేశాను. మా ఆయన ముఖం మాత్రం వెలిగిపోయింది. బేరానికి ముందే ముఖం వెలిగించుకునే మొగుడితో కాపురం ఎంత కష్టమో ఆడవాళ్లకే తెలుస్తుంది.

నేను కొంగు బిగించి ముందుకు వస్తుంటే దలాలి అడ్డం వచ్చాడు. "చెల్లే, నువ్వు గట్ల కూసో. రేటు నోటితోని చెప్పుకోవద్దు, మందికి తెలుస్తది" అని తన భుజం మీది తువాలు తీసి పరిచాడు. ఎడ్ల అంగట్లో బేరం అలాగే జరుగుతుంది. అమ్మేవాడు, కొనేవాడు తువాలు కింద చేతులు కలుపుతారు, పట్టుకున్న వేళ్లను బట్టి లెక్క. నాలుగు వేళ్లు పట్టిస్తే నాలుగు, మొత్తం చెయ్యి అందిస్తే ఐదు. ఈ మిషన్‌కు ఒక్కో వేలు పదివేలని ముందే అనుకున్నారు. పైకి మాత్రం ఇద్దరూ ఎటో చూస్తుంటారు. ఇనుముకు కూడా ఈ మర్యాదేమిటో నాకర్థం కాలేదు. నేను తొంగిచూడలేని బేరం నా జన్మలో అదొక్కటే. చాచా శాలువాలోంచి కుడిచేతిని తువాలు కిందికి జరిపాడు. మా ఆయన తన చెయ్యి లోపల పెట్టాడు. తడిమాడు. ఒక్క క్షణం ఆగి మళ్లీ తడిమాడు. ఆ తర్వాత, బేరమన్నదే లేకుండా, "ఖాయం!" అని గట్టిగా అన్నాడు.

ఖాయం అన్నాక వెనక్కిపోవడం ఉండదు. దలాలి సంతోషంగా మా ఆయన చెవి దగ్గర చేరి, "ఐదుకు ఐపాయె గద?" అన్నాడు. మా ఆయన నవ్వి, "ఐదెక్కడిదే? చాచా పెట్టింది మూడే. నేను పట్టుకోలేదా?" అన్నాడు. చాచా ముఖంలో నెత్తురు చుక్క లేదు. తనే తువాలు పక్కకు లాగాడు. మా ఆయన చేతిలో ఆయన చెయ్యి ఇంకా అలాగే ఉంది. బొటనవేలు, దాని పక్కన రెండు వేళ్లు. మిగతా రెండూ మొదలంటా లేవు, ఆ చోట చర్మం మెరుస్తూ ముడుచుకుని ఉంది. "నేను మొత్తం చెయ్యి ఇచ్చిన బేటా. నా చెయ్యి గింతే" అన్నాడు.

మా ఆయన చెయ్యి వదల్లేదు, వదలడానికి చాతకాలేదు. ఆయన చేసిన తప్పు అక్కడున్న అందరికీ తెలిసిపోయింది. పోయిన వేళ్లను మడిచిన వేళ్లనుకుని తగ్గింపు లెక్క కట్టుకున్నాడు. నాకు నోరాగక అడిగేశాను: "దీని మీదనేనా, చాచా?" ఆయన అబద్ధమాడలేదు. "దీని మీదనే, బిడ్డా. లోపట స్ప్రింగు తెగి, నేను తొక్కకముందే రెండోసారి దిగింది. అటెన్క నయా స్ప్రింగు ఏసిన. చెయ్యి చూస్తే మిషను ఎవ్వలు కొంటరని దాచిన" అన్నాడు. నా కాళ్ల కింద నేల ఇంకా వణుకుతూనే ఉన్నట్టనిపించింది. తీరా చూస్తే మిషన్ ఎప్పుడో ఆపేశారు, వణుకుతున్నది నేనే.

బయానా కింద కొంత అడ్వాన్సు చాచా చేతిలో పెట్టి వచ్చేటప్పుడు, బండి మీద దారి పొడుగునా పోట్లాడాను. "వద్దు. ఇచ్చిన బయానా పోతే పోనియ్యి. నాకు వద్దు" అన్నాను. "ఆయన చెయ్యి పట్టుకొని మూడే అంటినే. ఇంక ఏ మొఖం పెట్టుకొని వద్దనాలె?" అన్నాడు. "రేపు నీ చెయ్యి పట్టుకొని ఎవరన్న లెక్కవెడితే నేనేం మొఖం పెట్టుకోవాలె?" అని అడిగాను. అవసరం కోసం కొనేవాళ్లుంటారు, ఆశకు కొనేవాళ్లుంటారు. మా ఆయన సిగ్గుతో కొన్నాడు, అదీ చాచా అనుకున్న ఐదుకే.

అది వచ్చింది. క్రేను బండి మీద, పచ్చ తాళ్లతో కట్టేసుకుని వచ్చింది. సుద్దగీత మీద దింపి, నేలకు బోల్టులు బిగించి, కరెంటు కలిపారు. తిప్పే రోజున పసుపు, కుంకుమ, కొబ్బరికాయ అన్నీ నేనే సిద్ధం చేశాను. ఇష్టం లేని పనికి కూడా పూజ పళ్లెం సర్దవలసింది నేనే కదా. చాచాను ఎవరూ పిలవలేదు, ఆయనే బస్సెక్కి వచ్చాడు. కొబ్బరికాయ కొట్టేంతసేపు మర్యాదగా పక్కకు తప్పుకుని నిలబడి, తర్వాత వచ్చి మా ఆయన కుడిపక్కన నిలబడ్డాడు. ఎక్కడ నిలబడ్డాడో అప్పుడు నేను పట్టించుకోలేదు. మా వైపు కొత్త బండి చక్రం కింద నిమ్మకాయ పెడతారు. మా వెల్డింగ్ వాళ్లయితే కొత్త మిషన్ మొదటి దెబ్బ నిమ్మకాయ మీద వేయిస్తారు. చితికిన కాయను తీసి, కుంకుమ అద్ది, అటొక చెక్క ఇటొక చెక్క వేస్తారు.

మా ఆయన నిమ్మకాయ పెట్టాడు. తొక్కాడు. ధన్‌మంది. పులుపు వాసన గుప్పున లేచింది, చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు, నేనూ నవ్వాను. కాలు పెడల్ మీంచి తీసి, కాయను తీయడానికి ఆయన చెయ్యి లోపలికి పెట్టాడు. నిమ్మకాయకు చిమ్టా, అదే పట్టకారు, పట్టుకునేవాడెవడు చెప్పండి? అది పూజ, పని కాదు. ఆ చెయ్యి లోపలికి పోతుంటే నేను నవ్వు ఆపి ముందుకు ఒక అడుగు వేశాను. పక్కనుంచి చాచా చెయ్యి వచ్చింది. ఆ మూడు వేళ్లే, మా ఆయన మణికట్టు పట్టి, ఇద్దరూ వెనక్కి పడేంత గట్టిగా లాగాయి. ఎవరూ తొక్కలేదు. అది మళ్లీ దిగింది. ధన్.

ఎవరో స్విచ్ ఆపారు. చక్రం వెంటనే ఆగదు, చాలాసేపు తనలో తను తిరుగుతూ ఉంటుంది. మా ఆయన కింద కూర్చుని గుప్పిట మూస్తూ తెరుస్తూ తన చేతినే చూసుకుంటున్నాడు. చాచా కూడా నేల మీదే కూలబడి, "నయా స్ప్రింగే ఏసిన బిడ్డా, అల్లా కసం, నయాదే" అని నాకు చెబుతున్నాడు. నేను మా ఆయన వీపు మీద రెండు చేతులతో బాది, ఆ తర్వాత ఏడ్చాను. చాచాను ఒక్క మాట అనాలని నోరు తెరిచాను. మణికట్టు మీద ఆయన వేళ్ల గుర్తులు ఎర్రగా కనిపించి, ఆ మాట మింగేశాను.

దాన్ని తిప్పి పంపలేదు. మెకానిక్ వచ్చి, దారి కుదుపులకు స్ప్రింగు పట్టు జారిందని చెప్పి, లోపలి సామాను మొత్తం మార్చాడు. మా ఆయన దిమ్మ ముందు చెయ్యి దూరకుండా ఒక ఇనుప జాలీ కట్టాడు. జీవితంలో ఎన్నో ఇళ్లకు గ్రిల్స్ చేశాడు కానీ, అంత గట్టిది ఎవరికీ చేసివ్వలేదు. పట్టీ పెట్టినా తీసినా పొడుగు చిమ్టాతోనే. పని బాగా పెరిగింది, కాదనను. కానీ గోడకు ఇవతల కూరగాయలు తరుగుతున్న నేను ప్రతి దెబ్బ తర్వాత కత్తి ఆపి, ఇంకోటి పడుతుందేమోనని చెవి అటే పెట్టేదాన్ని. పడకపోతేనే తర్వాతి ముక్క కోసేదాన్ని. మా ఇంట్లో కూర ఎప్పుడూ ఆలస్యమే.

చాచా ఆ తర్వాత కూడా వస్తూనే ఉండేవాడు. మిషన్ పక్కన స్టూలు వేసుకుని కూర్చునేవాడు, చాయ్ తాగుతూ మిషన్ వైపే చూసేవాడు. పాత మిషన్ మీద మమకారమేమో అనుకున్నాను. ఒకసారి అడిగాను కూడా, "ఇంత దూరం బస్సుల ఎందుకొస్తవు చాచా, అమ్మేసినవు గద?" అని. గ్లాసు కింద పెట్టి, "భయమైతది బిడ్డా. మిషన్ను అమ్మిన గని భయం నా కాడనే ఉన్నది" అన్నాడు. ఆ మాటతో నాకు ఆయన మీద మిగిలిన కోపం కూడా పోయింది. ఆ ఇంట్లో ఒక్కదాన్నే భయపడుతున్నాననుకున్నాను. అంత దూరం నుంచి బస్సెక్కి వచ్చి నాతో సమంగా భయపడే మనిషి ఒకరున్నారని తెలిసి, అదేమిటో గాని, ప్రాణం కుదుటపడింది.

ఇప్పుడు ఆయనకు మోకాళ్లు పట్టేశాయి, రాలేడు. శుక్రవారం జుమ్మా నమాజయ్యాక ఫోన్ చేస్తాడు. బాగున్నారా అని అడగడు, తిన్నారా అని అడగడు. "చేతులు సలామతేనా?" అంటాడు, అంటే క్షేమంగా ఉన్నాయా అని. "పదున్నయ్ చాచా" అంటాడు మా ఆయన, వేళ్లు ఒకసారి చాపి చూసుకుని. అవతల ఆయన ఊపిరి వదిలింది నాక్కూడా వినిపిస్తుంది. మొదటి దెబ్బకూ రెండో దెబ్బకూ మధ్య ఆ రోజు గడిచింది ఒక్క రెప్పపాటే. నేనూ మా ఆయనా కలిసి ముసలివాళ్లమైన ఈ ఏళ్లన్నీ దాంట్లోంచే వచ్చాయి.