విత్తనంలోనే ఉందని మందు మానేశాడు

పత్తిలో క్రాసింగ్ పని జోరుగా ఉన్న రోజులు. మా ఆయన తిమ్మప్ప మగపువ్వు పుప్పొడిని ఆడపువ్వుకు రాయడం మధ్యలో ఆపి, చెంబు పట్టుకుని గట్టు దాటాడు. తిరిగొచ్చి పువ్వు అందుకోకముందే మళ్లీ పరుగు. మాది గద్వాల దగ్గర పల్లె, విత్తన పత్తి వేస్తాం. ఆ పని ఒక్క పూట ఆగినా కాయ నిలవదు. ఏందని అడిగితే "వేడి చేసింది, జర మజ్జిగ తాగుత" అన్నాడు. నెత్తురు పడుతోందని చెప్పలేదు. బట్టలు ఉతికేదాన్ని, నాకు తెలియకుండా ఉంటుందా?

గద్వాలలో మొలలని మందిచ్చారు. తగ్గలేదు. మనిషి చిక్కిపోయాడు. కర్నూలు తీసుకుపోతే కొలనోస్కోపీ, బయాప్సీ చేసి డాక్టరమ్మ 'అల్సరేటివ్ కొలైటిస్' అంది. "పెద్దపేగులో పుండ్లమ్మా. తగ్గుతుంది. కానీ తగ్గినా మాత్రలు మానొద్దు." నెత్తురు ఆగింది, మళ్లీ చేనుకు పోయాడు. నా ప్రాణం కుదుటపడింది.

తర్వాత చెకప్‌కు పోయినప్పుడు, పరిశోధన చేసే ఒక అమ్మాయి ఆయన రక్తం అడిగింది. ఈ జబ్బున్నవాళ్ల జన్యువులు, లేనివాళ్ల జన్యువులు కంప్యూటర్‌లో పక్కపక్కన పెట్టి తేడాలు వెతుకుతారట. బయోఇన్ఫర్మేటిక్స్ అంటారని చెప్పింది.

"అంటే రోగం ఇత్తనంలనే ఉంటదా?" అన్నాడు ఈయన.

"కొంత ఉండొచ్చు" అంది ఆ పిల్ల.

ఆ 'కొంత' ఈయన చెవికెక్కలేదు. విత్తన పత్తి వేసేవాళ్లకు ఒకటే లెక్క. విత్తనం పరీక్షలో ఫెయిలైందంటే ఇక ఎవరూ తీసుకోరు, దానికి మందు లేదు. ఇంటికొచ్చి మాత్రలు మానేశాడు. వేసుకున్నావా అని అడిగితే తలూపేవాడు. నెల తిరక్కముందే నెత్తురు, జ్వరం, మంచం. మళ్లీ దవాఖాన, సెలైన్, స్టెరాయిడ్. తగ్గకపోతే పేగు తీసేయాల్సి వస్తుందన్నారు. నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది.

"ఇత్తనమే చెడ్డదైతే మందేం చేస్తది? పిల్లకు గూడ నా ఇత్తనమే కదా" అన్నాడు గోడవైపు తిరిగి. మా కూతురు భాగ్య గురించే లోలోపల కుంగిపోతున్నాడని అప్పుడు తెలిసింది.

"నిరుడు ఒక్క సంచిల ఇత్తనమే మనం ఏస్తిమి, బావ ఏసె. ఆయన చేను ఎండె, మనది నిలిచె. నీళ్లు కట్టబట్టి కాదా? గింత తెల్వదా నీకు?" అన్నాను, వార్డంతా వినేలా.

పక్క మంచం దగ్గరున్న డాక్టరమ్మ నవ్వలేదు. "ఆమె చెప్పింది నిజమే. జన్యువు ఒక్కటే జబ్బు తేదు. జన్యువుల్లో తేడాలు వెతికేది మంచి మందు కోసం. మీ పాపకు వస్తుందని ఎవరూ చెప్పలేరు" అంది.

పేగు దక్కింది. అయినా ఇంట్లో నిశ్చింత లేదు. కారం తగ్గించి వేరే వండుతాను, పెళ్లికి పోతే ముందు దొడ్డికి పోయే చోటు ఎక్కడుందో చూసుకుంటాం. అలసిపోయాను, అది నిజం. ఈయన ఇప్పుడు మాత్ర నాలుక మీద పెట్టుకుని నాకు చూపించి మరీ మింగుతాడు.

చదివేవాళ్లకు ఒక్కటే చెబుతాను: మాత్ర మానాలనిపిస్తే, మానేముందే డాక్టరుకు చెప్పండి.

మొన్న భాగ్య పొయ్యి దగ్గరకొచ్చి నిలబడింది. "అమ్మా, కడుపు నొస్తుంది. నాయినకు చెప్తే పరేషాన్ అయితడని ఊకున్న" అంది. చూపిస్తే అజీర్తే అన్నారు.

"కడుపునొప్పి మీ నాయిన నుంచి వస్తదో రాదో తెల్వదు బిడ్డా" అన్నాను. "దాచిపెట్టుడు మాత్రం నేర్వకు."