మగవాళ్ల వరుసలోకి

బొమ్మసంద్ర వెళ్లే బస్సులో ఆ రోజు నా పక్కన కూర్చున్నావిడ పేరు నేను అడగలేదు. యాభై ఏళ్లుంటాయి. మాట హిందూపురం వైపుది. ముందు నిలబడ్డ కుర్రాణ్ణి చూపించి, "నా కొడుకు. ఈ పొద్దే ఫ్యాక్టరీలో చేరతాండాడు" అంది. నేను నవ్వేసరికి మిగతాది కూడా చెప్పింది.

"వాడు పుట్టినప్పుడు ఆడబిడ్డో మగబిడ్డో డాక్టరమ్మే చెప్పలేకపోయె. మేం ఆడబిడ్డ అనుకొని జడేసి, పావడ కట్టి పెంచితిమి. పదేండ్లకే, అమ్మా, నేను మగపిల్లోణ్ణి అని ఏడ్చె. మా అత్త కొట్టె."

"మరి ఎలా ఒప్పుకున్నారు?" అన్నాను.

"ఇక్కడ పెద్దాసుపత్రికి తెస్తిమి. పరీక్షలన్నీ చేసి, ఒంటిని బట్టి ఏమీ తేల్చలేము, బిడ్డనే అడగండి అనిరి. వాడు మొదట్నుంచీ చెప్తానే ఉండాడు గదమ్మా. మేమే ఇనలేదు. ఆ పొద్దే జడ కత్తిరిస్తిమి."

చుట్టూ అందరూ వింటున్నా ఆవిడ గొంతు తగ్గించలేదు.

ముగ్గురం ఒకే స్టాపులో దిగాం. ఫ్యాక్టరీ గేటు దగ్గర తనిఖీకి ఆడవాళ్లకో వరుస, మగవాళ్లకో వరుస ఉన్నాయి. కుర్రాడు ఒక్క క్షణం ఆగి, మగవాళ్ల వరుసలో నిలబడ్డాడు. అతని వంతు రాగానే సెక్యూరిటీ ఆయన తల కూడా ఎత్తకుండా, "బారప్పా, బేగ బా" అని కన్నడంలో త్వరగా రమ్మని పిలిచాడు.

ఆవిడ నా చేయి గట్టిగా పట్టుకుంది.

"ఇంటివా అమ్మా? మగోళ్లను పిలిచినట్టే అప్పా అనె."

నాకు ఆఫీసుకు ఆలస్యమవుతోంది. అయినా కుర్రాడు లోపలికి వెళ్లి కనుమరుగయ్యేదాకా మేమిద్దరం అక్కడే నవ్వుతూ నిలబడ్డాం.