కూర్చోకుండా చెప్పిన మాట

"కాసేపు కూర్చోవే. ఎప్పుడు చూసినా నిలబడే ఉంటావు," అన్నారు ఆయన, దోనెలో కాలు పెడుతూ.

"నేను కూర్చుంటే మీకు చద్దన్నం ఎవరు కడతారండీ? వెళ్ళి రండి," అన్నాను నేను.

మా ఆయనా నేనూ ఆఖరిసారి అనుకున్న మాటలు ఇవే. అన్నేళ్ళ కాపురానికి చివర ఇంతకంటే మంచి మాట ఒకటి మిగిలి ఉంటే బాగుండేదని చాలాసార్లు అనుకున్నాను. ఏం చేస్తాం, పొద్దున్నే పనుల మీద ఉన్నవాళ్ళకి ఇది ఆఖరి మాటని ముందే తెలుస్తుందా. ఆ రోజు ఆయన ఇంకో నలుగురితో కలిసి కాలువలో గుర్రపుడెక్క లాగడానికి వెళ్ళారు. దోనెలోనే గుండె ఆగిపోయింది.

నేను చెబుతుంటే మా ఆడపడుచు రాస్తోంది. ఆయన చెల్లెలు. తాడేపల్లిగూడెంలో టీచరు పని చేసి రిటైరయింది. నాకు చదువు లేదు. సంతకం ఒక్కటి వచ్చు, అదీ ఆయన నేర్పిందే. నా గొంతు బొంగురు, చుట్ట అలవాటు. అందుకని రాసే ఆమెకి కొన్ని మాటలు రెండుసార్లు చెప్పాల్సి వస్తోంది.

మాది కొల్లేటి లంక. ఊరి ముందు నుంచి పెద్ద నీళ్ళలోకి పోవడానికి ఒక కాలువ ఉండేది. మా వలలూ, చేపలు పడే మావులూ పెట్టుకునే చోటు ఆ కాలువ దాటాకే. చుట్టూ చేపల చెరువులు పడ్డాక ఒక్కో గట్టూ కొంచెం కొంచెం ముందుకి జరిగి కాలువ సన్నబడింది. మిగిలినదాన్ని గుర్రపుడెక్క కమ్మేసింది. చెరువులవాళ్ళతో మాకు పగ లేదు, వాళ్ళలో మా చుట్టాలూ ఉన్నారు. కాలువ మాత్రం కావాలి. అది లేకపోతే దోనెలు ఒడ్డున బోర్లించి ఆ చెరువుల మీదే కూలికి పోవాలి. ఆఫీసులో అడిగితే మ్యాపులో అక్కడ కాలువే లేదన్నారు. లేని కాలువని ఎవరు బాగుచేయిస్తారు?

ఆయన పార్లమెంటుకి అర్జీ రాయించారు. మొదటి సంతకం ఆయనది, రెండోది నాది. వెనకున్నవాళ్ళంతా వేలిముద్ర వెయ్యడానికి కాచుకుని ఉంటే నేను నా నాలుగు అక్షరాలూ దిద్దుతూ కూర్చున్నాను. నీ సంతకం అయ్యేలోపు ఆ మిగిలిన కాలువ కూడా పూడిపోతుందే అని ఆయన అందరి ముందూ ఎగతాళి చేశారు. అన్నారే గానీ, పెన్ను నా చేతిలోంచి లాక్కోలేదు. చివరి అక్షరం కొమ్ము తిరిగేదాకా ఆగారు.

మా ఎం.పి.గారు ఆ అర్జీని సభలో పెట్టారు. అక్కడ జనం అర్జీలు చూడటానికని ఒక కమిటీ ఉంటుందట. దాని దగ్గర నుంచి ఉత్తరం వచ్చేసరికి ఆయన పోయి మూడు నెలలు. మొదటి సంతకం పెట్టిన మనిషి లేరని మా ఆడపడుచు జవాబు రాసింది. అయితే రెండో సంతకం మనిషి వచ్చి చెప్పవచ్చన్నారు. అలా నేను ఢిల్లీ వెళ్ళాను, తోడు ఆడపడుచు.

ఏలూరులో రైలెక్కింది మొదలు ఆమె నాకు పాఠం చెబుతూనే ఉంది. అన్నయ్య ఎలా పోయాడో చెప్పు వదినా, కాలువ తెరిచి ఉంటే ఆసుపత్రికి తొందరగా తెచ్చేవాళ్ళమని చెప్పు, వాళ్ళ మనసు కరుగుతుంది, అంది. ఏలూరు డాక్టరుగారు నాతో వేరే మాట చెప్పారు. ఎంత తొందరగా తెచ్చినా దక్కేవారు కాదమ్మా అన్నారు.

"ఆయన పేరు చెప్పి అబద్ధం ఆడనమ్మా. కాలువ సంగతి ఒక్కటే చెబుతాను," అన్నాను.

ఆమె కిటికీ వైపు తిరిగి పడుకుంది. విజయవాడ దాటాక మళ్ళీ తనే లేచి పులిహోర పెట్టింది.

పార్లమెంటు గేటు దగ్గర ఆడ పోలీసులు మమ్మల్ని సోదా చేశారు. ఆడపడుచు దగ్గర ఫోను తీసుకున్నారు, నా దగ్గర రెండు చుట్టలూ అగ్గిపెట్టే తీసుకున్నారు. వాళ్ళలో ఒక పిల్ల నా చుట్ట పట్టుకుని నా మొహం చూసింది. నువ్వా తాగేది అన్నట్టు నవ్వింది. నేనేనని తలూపాను. సాయంత్రం తిరిగి ఇచ్చింది, రెండూ ఉన్నాయి.

కమిటీ మూడు గంటలకి. ఈలోపు సభ చూడమని ఎం.పి.గారు పాసులు ఇప్పించారు. పైన గ్యాలరీలో కూర్చోబెట్టారు. చేతులు కట్టుకోవాలి, వేలు పెట్టి చూపించకూడదు, మాట్లాడకూడదు. కింద మటుకు అందరూ మాట్లాడుతూనే ఉన్నారు. ఒకేసారి పదిమంది లేస్తారు. ఎత్తు కుర్చీలో ఉన్నాయన "బైఠియే, బైఠియే" అంటాడు. కూర్చోండి అనట. ఢిల్లీలో నేను నేర్చుకున్న హిందీ మాట అదొక్కటే. మర్చిపోదామన్నా వీలుపడనన్ని సార్లు అన్నాడు.

పన్నెండు గంటలకి కాగితాలు పెట్టే పని. ఒక మంత్రి లేస్తాడు, ఏదో కాగితం పేరు చదువుతాడు, కూర్చుంటాడు. ఇంకొకరు లేస్తారు. నాకు ఆవలింతలొచ్చాయి. ఇంత దూరం నుంచి వచ్చి కాగితాల పేర్లు చదువుకుంటారా అనుకున్నాను. తర్వాత ఏదో బిల్లుకి అవునా కాదా అని అడిగారు. కాదన్నవాళ్ళే గట్టిగా అరిచినట్టు నాకు వినబడింది. అవునే గెలిచిందట. తలలు లెక్కపెట్టలేదేమని గొణిగితే ఆడపడుచు నా మోకాలు గిల్లింది.

అప్పుడు మా ఎం.పి.గారు లేచారు. తెలుగులోనే మాట్లాడారు. ఉంగుటూరు, పెంటపాడు వైపు కళ్ళాల్లో ధాన్యం తడిసిపోయిన సంగతి. అంత పెద్ద గదిలో మన ఊళ్ళ పేర్లు వినబడేసరికి నాకు కళ్ళు చెమర్చాయి. సగంలో మైకు ఆపేశారు. ఆయన ఆగలేదు. ఆ ముక్క పూర్తయ్యేదాకా నిలబడే చెప్పి, అప్పుడు కూర్చున్నారు.

అది చూశాక నాకు ధైర్యం వచ్చింది. వీళ్ళదీ మా కట్టుబాటే అనుకున్నాను. మా లంకలో తగువు ఉన్న మనిషి పెద్దల ముందు నిలబడి చెప్పాలి. తీర్పు కాగితం మీద రాసి, రాసింది పైకి చదివి వినిపించాకే కూర్చోవాలి. మధ్యలో కూర్చుంటే తగువు వదులుకున్నట్టు లెక్క. వెనకటికి ఒకాయన కాలు తిమ్మిరెక్కి కూర్చుని వల వేసుకునే చోటు పోగొట్టుకున్నాడు. ఇప్పటికీ వాళ్ళ ఇంటివాళ్ళని కూర్చున్నోళ్ళనే పిలుస్తారు.

మూడింటికి కమిటీ గదిలోకి తీసుకెళ్ళారు. అంచులు గుండ్రంగా ఉన్న పొడుగు బల్ల, చుట్టూ మెంబర్లు, నడిమధ్య ఛైర్మన్ గారు. తెల్ల మీసాల పెద్దాయన, చెవిలో వినికిడి మిషను. ఒక పక్క మ్యాపు పెట్టుకుని ఆఫీసర్లు. ఒక మూల ఇద్దరు కూర్చుని ఎవరేమన్నా రాసేసుకుంటున్నారు. మాకు ఎదురుగా కుర్చీలు చూపించారు. తెలుగు తెలిసిన ఒక ఆఫీసరమ్మ నా పక్కన కూర్చుంది. ఆడపడుచు కూర్చుంది. నేను నిలబడ్డాను.

ఛైర్మన్ గారు "బైఠియే" అన్నారు. నేను దండం పెట్టి నిలబడ్డాను. నాకు అర్థం కాలేదనుకుని ఆఫీసరమ్మ తెలుగులో చెప్పింది. ఆడపడుచు చీర కొంగు పట్టుకుని లాగింది. ఇక్కడ అందరూ కూర్చునే చెబుతారు వదినా, పరువు తీయకు, అంది నెమ్మదిగా. ఒక మెంబరు నవ్వాడు. నాకు మొహం వేడెక్కింది. నేను సభలో చూసినది వేరు, ఈ గదిలో పద్ధతి వేరు, అది నాకప్పటికి తెలిసింది. అయినా ఇప్పుడు కూర్చుంటే మా ఊళ్ళో ఏమని చెప్పను?

"అమ్మా, పెద్దాయనకి చెప్పండి. మా ఊళ్ళో తగువు తేలకుండా కూర్చుంటే వదులుకున్నట్టండి. నేను వదులుకోవడానికి రాలేదండి," అన్నాను ఆఫీసరమ్మతో.

ఆవిడ చెప్పింది. ఛైర్మన్ గారు చెవి మిషను సర్దుకుని మళ్ళీ చెప్పించుకున్నారు. అలాగే కానివ్వమన్నట్టు చెయ్యి చూపించారు.

ఆఫీసర్లు ముందు చెప్పారు. రికార్డుల్లో అక్కడ కాలువ లేదు, ఈ మ్యాపులోనూ లేదు. మ్యాపు నా ముందు పరిచి, కాలువ ఎక్కడో చూపించమన్నారు. నాకు నీలం మచ్చలూ గీతలూ తప్ప ఏమీ కనబడలేదు. ఏలూరు ఎక్కడండీ అని అడిగితే పైన చూపించారు. అందుకే తెలియట్లేదనుకున్నాను. ఆ మ్యాపుని రెండు చేతులా పట్టుకుని తలకిందులుగా తిప్పేశాను. తిరగేశారమ్మా అని ఒక ఆఫీసరుగారు సరిచేయబోయారు.

"ఉంచండయ్యా. నేను గుమ్మంలోంచి బయటికొస్తే ఏలూరు నా వీపు వెనకుంటుంది, కలిదిండి ఎదురుగా ఉంటుంది. నీళ్ళు నా వెనక నుంచి వచ్చి ముందుకి పోతాయి. నేను అలాగే చూపించగలను," అన్నాను.

అప్పుడు నా ఇల్లు దొరికింది. అక్కడ వేలు పెట్టి బయల్దేరాను. దోనె ఎలా పోతుందో వేలు అలా పోయింది. చర్చి దిమ్మ దగ్గర ఎడమకి, అక్కడి నుంచి కొడవలిలా ఒక వంపు, వంపు చివర మట్టగిడస చేపలు దొరికే మడుగు, తర్వాత పెద్ద నీళ్ళు. నా వేలు అన్నీ చెరువుల మీద నుంచే పోతోంది. గీత లేదు. అయిపోయిందిరా దేవుడా అనుకున్నాను. ఆయన ఉంటే ఇంకో మాట ఏదైనా తోచేది.

ఛైర్మన్ గారు లేచి బల్ల చుట్టూ తిరిగి నా పక్కకి వచ్చారు. నన్ను మళ్ళీ చూపించమన్నారు. ఈసారి నా వేలి వెనకాలే తన పెన్ను మూత నడిపించారు. వంపు దగ్గర ఆగారు. ఆఫీసర్లని ఏదో అడిగారు. ఆఫీసరమ్మ నాకు తెలుగులో చెప్పింది: మిగతా చెరువుల గట్లన్నీ తిన్నగా ఉన్నాయి కదా, ఇక్కడ వరసగా ఇన్ని గట్లు ఒకే వంపు ఎందుకు తిరిగాయి అని అడుగుతున్నారట.

నేను చూశాను. నిజమే. చెరువులు తవ్వినవాళ్ళు కాలువ ఒడ్డు పట్టుకునే గట్టు పోసుకున్నారు. కాలువని మింగారు గానీ దాని వంపుని మింగలేకపోయారు. ఆఫీసరుగారు కొంచెంసేపు మ్యాపు చూసి, పాత కాలువ ఉండి ఉండవచ్చు సార్ అన్నారు. మంచివాడే, బుకాయించలేదు.

కాలువ ఉన్నట్టు రికార్డులో రాయమని, ఆ డిపార్టుమెంటు మనుషులు ఊరికి వెళ్ళి ఈవిడని వెంటబెట్టుకుని సర్వే చేసి కమిటీకి చెప్పాలని ఛైర్మన్ గారు అన్నారు. అని నా వైపు తిరిగి, ఇప్పుడు బైఠియే అన్నారు నవ్వుతూ.

"రాసింది చదివించండి బాబూ. విని కూర్చుంటాను," అన్నాను.

ఆడపడుచు తల దించేసుకుంది. ఛైర్మన్ గారు మూలనున్న వాళ్ళలో ఒకాయనకి సైగ చేశారు. ఆయన రాసుకున్నది చదివాడు, ఆఫీసరమ్మ ముక్క ముక్కకీ తెలుగు చెప్పింది. చర్చి దిమ్మ ఉంది, కొడవలి వంపు ఉంది, మట్టగిడసల మడుగు కూడా ఉంది. ఒక్క మాట పోలేదు. అప్పుడు కూర్చున్నాను. మెత్తటి కుర్చీ. నిలబడే ఉంటావని ఆయన నన్ను ఎన్నిసార్లు అన్నారో, ఆ కుర్చీలో అన్నీ గుర్తొచ్చాయి.

రిపోర్టు సభలో పెట్టేదాకా లోపల జరిగింది బయట చెప్పకూడదన్నారు. మొన్ననే పెట్టారు, అందుకే చెబుతున్నాను. ఆడపడుచు ఫోనులో చూపించింది. ఒక మెంబరు లేచి, కాగితం పేరు చదివి, కూర్చున్నాడు. నేను ఆ రోజు ఆవలించిన పనే. ఈసారి మళ్ళీ మళ్ళీ వేయించుకుని చూశాను. సర్వేవాళ్ళు అంతకుముందే వచ్చారు. వాళ్ళని మా ఆయన దోనెలోనే తిప్పాను. వంపు పొడుగునా రెండు వైపులా కర్రలు పాతి వెళ్ళారు. తవ్వకం ఇంకా మొదలవలేదు. పొద్దున్నే గుమ్మంలోకొచ్చి ఏలూరుని వీపు వెనక పెట్టుకుని ఆ కర్రలు చూస్తాను.

ఇంతే అమ్మా. నీ కాఫీ చల్లారిపోయింది, ఉండు, వేడిచేసి తెస్తాను. నన్ను కూర్చోమనకు. నువ్వు ముందు మొదటి మాట దగ్గర నుంచి, ఆయన దోనెలో కాలు పెట్టిన కాడి నుంచి, మెల్లగా పైకి చదివి వినిపించు.