చీటీల్లేని సొరుగులు

ఆ గుండీల కొట్టులో గోడ కనిపించదు. నేల నుంచి కప్పు దాకా సొరుగులే. ఇరవై నాలుగు నిలువు వరసలు, వరసకు ఇరవై సొరుగులు. ఒక్కదాని మీద కూడా చీటీ లేదు. ఆ ఇంటి కోడళ్ళ మామగారే వాటిని కట్టించాడు, చీటీలు అంటించనివ్వలేదు. "చీటీలుంటే ఎవరైనా కూర్చుంటారు. ఇక మనమెందుకు?" అనేవాడు.

కూర్చోవడమంటే కౌంటరు వెనక ఉన్న ఎత్తు స్టూలు మీద. ఏ గుండీ ఏ సొరుగులో ఉందో తెలిసినవాళ్ళదే ఆ స్టూలు. చూపు తగ్గాక ఆయన ఇద్దరు కోడళ్ళనూ ఎదురుగా నిలబెట్టి, నలభై గుండీలు ఒక్కొక్కటే చేతిలో పెట్టి అడిగాడు. పెద్దకోడలు ముప్పై తొమ్మిది చెప్పింది. చిన్నకోడలు నలభై చెప్పింది.

అది జరిగి ముప్పై ఒక్క ఏళ్ళు. మామగారు పోయాడు. కోడళ్ళ భర్తలు, అన్నదమ్ములిద్దరూ పోయారు. పెద్దామెకు డెబ్బై ఒకటి, చిన్నామెకు అరవై ఆరు. దర్జీలు చిన్నామెను సొరుగులమ్మ అంటారు. పెద్దామెకు ఎవరూ ఏ పేరూ పెట్టలేదు.

ఇల్లు కొట్టు పైనే. పద్నాలుగు మెట్లు. రోజూ మధ్యాహ్నం పెద్దామె మెట్ల మీద నుంచి పిలిచేది.

"స్టూలు దిగి రావే చెల్లీ, వేడిగా తిందువుగాని."

"నువ్వు తినక్కా. బేరం ఉంది."

బేరం ఉన్నా లేకపోయినా అదే మాట. దిగితే అక్క వచ్చి కూర్చుంటుంది. ఒక్కసారి కూర్చుంటే మళ్ళీ లేస్తుందని నమ్మకమేమిటి? ముప్పై తొమ్మిది చెప్పిన మనిషి నలభయ్యోది ఎప్పుడో నేర్చుకునే ఉంటుంది. అందుకని సొరుగులమ్మ పక్క కొట్టు నుంచి తెప్పించుకునేది. చిప్స్ పొట్లం, క్రీము బిస్కెట్లు, నూనె కారే వేపుళ్ళు, ఒక కూల్‌డ్రింకు. స్టూలు మీదే తినడం, స్టూలు మీదే తాగడం. ఒక చేత్తో బిస్కెట్టు, ఒక చేత్తో గుండీలు. పైన అక్క ఉడికించిన కూరలు, చిక్కుడు గింజలు, రెండు పళ్ళు ముందు పెట్టుకుని గంటసేపు నమిలేది. పొద్దునే నడకకు కూడా పోయేది.

"నీ నమలడం చూస్తే ఆవులు కూడా సిగ్గుపడతాయి అక్కా," అనేది సొరుగులమ్మ.

"సిగ్గుపడనీ. వాటికి బీపీ లేదు," అనేది పెద్దామె.

సొరుగులమ్మకు బీపీ వచ్చింది. తర్వాత షుగరు వచ్చింది. మాత్రలు కూడా స్టూలు మీదే మింగింది, కూల్‌డ్రింకుతో.

కిందటేడు చివర్లో మొదలైంది. నాలుగు రంధ్రాల తెల్ల గుండీ అడిగితే చెయ్యి లేచింది, గాల్లో ఆగింది. ఎటు పోవాలో చేతికి తెలియలేదు. కౌంటరు చివర డబ్బాలు తుడుస్తున్న పెద్దామె, తల ఎత్తకుండానే, "రెండు, ఆరు," అంది.

ఎడమ నుంచి రెండో వరస, కింది నుంచి ఆరోది. అక్కడే ఉన్నాయి.

సొరుగులమ్మ గుండెలో కలుక్కుమంది. మరిచిపోయినందుకు కాదు. అక్క చెప్పినందుకు. అంత తేలిగ్గా, గుడ్డ విదిలించినట్టు చెప్పినందుకు.

ఆ తర్వాత అది వారానికోసారి జరిగింది, తర్వాత రోజుకోసారి. చివరికి పెద్దామే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది.

డాక్టరు చిన్నపిల్ల. అయిదు మాటలు చెప్పి గుర్తుపెట్టుకోమంది. గొడుగు, సబ్బు, నిచ్చెన, పిచ్చుక, దుప్పటి. కాసేపు వేరే సంగతులు మాట్లాడి మళ్ళీ అడిగింది.

"సబ్బు," అంది సొరుగులమ్మ. "గొడుగు." ఇంకేవో ఉన్నాయి. ఉన్నాయని తెలుసు. సొరుగు కనిపిస్తోంది, తెరుచుకోవడం లేదు.

మూల కుర్చీలో పెద్దామె పెదవులు కదులుతున్నాయి. నిచ్చెన. పిచ్చుక. దుప్పటి. ఆమెకు ఎవరూ పరీక్ష పెట్టలేదు. అయినా పాసయింది.

"రోజూ ఏం తింటారండీ?" అని డాక్టరు అడిగింది.

సొరుగులమ్మ నోరు తెరిచేలోపే పెద్దామె మొదలుపెట్టింది. పొద్దున ఏమిటి, పదకొండింటికి ఏమిటి, ఏ పొట్లం, ఎన్ని బిస్కెట్లు, కూల్‌డ్రింకు ఏ రంగు. ముప్పై ఏళ్ళ తిండి వరస తప్పకుండా అప్పజెప్పింది. తన బతుకు కూడా తనకన్నా అక్కకే బాగా గుర్తుంది. సొరుగులమ్మకు ఒళ్ళు మండిపోయింది.

"ఇది వయసు ఒక్కటే చేసిన పని కాదనుకుంటున్నాను," అంది డాక్టరు. "ఇన్నేళ్ళ చక్కెర, ఉప్పు, వేపుళ్ళు, బీపీ. మెదడులో సన్న సన్న రక్తనాళాలుంటాయి. అవి దెబ్బతింటే ఇలా మరుపు వస్తుంది. పోయిందంతా తిరిగి వస్తుందని చెప్పలేను. తిండి మార్చండి, నడవండి, మందులు సరిగ్గా వేసుకోండి. ఉన్నదాన్ని నిలబెట్టుకోవచ్చు."

దారిలో పెద్దామె మెల్లగా, "రేపటి నుంచి పైకొచ్చి తినవే," అంది.

"నేను పైకొస్తే కింద ఎవరు?"

"నేనుంటాను."

"ఉంటావు ఉంటావు. ఎందుకుండవు!"

మంగళవారం పొద్దున అక్క నడకకు పోగానే సొరుగులమ్మ రెండు సొరుగులు ఊడలాగింది. ఎనిమిదో వరసలో మూడోది, కొమ్ము గుండీలు. పదకొండో వరసలో మూడోది, గాజు గుండీలు. దాన్ని దీని చోట, దీన్ని దాని చోట తోసేసింది. ఇప్పుడు చెప్పమ్మా, అనుకుంది. ఒక్కసారి తప్పు చెప్పు. ఆ ఒక్క మాట నా చెవిన పడితే చాలు. ఆ రోజంతా బిస్కెట్లు మరింత తియ్యగా ఉన్నాయి.

కొమ్ము గుండీలు అడిగినవాళ్ళే రాలేదు. బుధవారం పోయింది, గురువారం పోయింది. మరుసటి వారం కోట్ల దర్జీ వచ్చాడు.

"సొరుగులమ్మగారూ, నల్ల కొమ్ము గుండీలు పన్నెండు. పెళ్ళికొడుకు కోటు. ఆలస్యమైతే గుండీలు పెట్టకుండానే పెళ్ళయిపోతుంది."

వెతుక్కోనక్కర్లేకుండానే చోటు గుర్తొచ్చింది. ఎన్నో వారాల తర్వాత, పూర్తిగా, తడుముకోకుండా. "ఎనిమిది, మూడు!" అంది గట్టిగా, అక్కకు వినబడేలా. దర్జీ వైపు చూస్తూనే సొరుగు లాగి, గుప్పెడు తీసి కౌంటరు మీద పోసింది.

గాజు గుండీలు. గలగలమని దొర్లాయి.

దర్జీ నవ్వాడు. "అమ్మా, పెళ్ళికొడుక్కి. పెళ్ళికూతురికి కాదు."

సొరుగులమ్మ గిరుక్కున అక్క వైపు తిరిగింది.

"నువ్వే! నువ్వే మార్చావు! నా స్టూలు మీద కన్ను నీకు, ఇవాళ కాదు, మొదటి నుంచీ!"

పెద్దామె గుడ్డ మడిచి పక్కన పెట్టింది. పదకొండో వరస దగ్గరికి వెళ్ళి, మూడో సొరుగు లాగి, పన్నెండు లెక్కపెట్టి, కాగితంలో చుట్టి దర్జీకి ఇచ్చింది. అతను కౌంటరు మీద చిల్లర పెట్టి, ఎవరి ముఖమూ చూడకుండా వెళ్ళిపోయాడు.

"ఇటు రా," అంది పెద్దామె. కొమ్ము గుండీల మధ్య నుంచి ఏదో తీసి చూపించింది. సగం కొరికిన క్రీము బిస్కెట్టు. "ఇది నేను తినను."

సొరుగులమ్మ బిస్కెట్టు వంక చూసింది. ఆ గాటు తన పన్నుదే. ముందు వైపు విరిగిన పన్ను వదిలిన గీత. మార్చినట్టు గుర్తు లేదు. ఎంత వెతికినా లేదు. మార్చాలనిపించిన మంట మాత్రం గుర్తుంది.

"మంగళవారం నేను నడిచొచ్చి సొరుగులు దులుపుతుంటే మారి కనిపించాయి," అంది పెద్దామె. "కొత్త చోటు గుర్తుపెట్టుకున్నాను, అంతే."

"మరి అప్పుడే ఎందుకు అడగలేదు?"

పెద్దామె బిస్కెట్టును కౌంటరు మీద పెట్టింది. "ముప్పై ఒక్క ఏళ్ళయిందే. ఒక్క గుండీ తేడా. నీకే ఉంటుందనుకున్నావా కడుపుమంట? నువ్వు పడగొట్టాలని చూస్తున్నావు, నేను పడలేదు. ఆ సంతోషం ఎవరితోనైనా చెప్పుకుంటామా?"

సొరుగులమ్మకు నవ్వొచ్చినంత పనైంది. రాలేదు.

"పైన వండి ఉంది. వెళ్ళి తిను," అంది పెద్దామె.

సొరుగులమ్మ స్టూలు వంక చూసింది. దిగకుండా కాపాడుకుంది. పొట్లాలు తిని కాపాడుకుంది. ఆ కాపాడుకోవడంలోనే లోపలి సొరుగులు ఒక్కొక్కటే బిగుసుకుపోయాయి. అక్క ఏమీ చెయ్యలేదు, పైన కూర్చుని నమిలింది.

మెట్లెక్కింది. పద్నాలుగు. గిన్నెల మీద మూతలు తీసింది. పళ్ళెం ముందు కూర్చుందో లేదో, కింద నుంచి చప్పుడొచ్చింది. ఎత్తు స్టూలు కిర్రుమంది. తను కూర్చున్నప్పుడు ఎన్నడూ వినని చప్పుడు. కూర్చున్నవాళ్ళకు అది వినబడదేమో.

ఒక్క నిమిషమైనా ఆగలేదు, చూడు.

ముద్ద నోట్లో పెట్టుకుంది. చప్పగా ఉంది. నమిలింది. కింద ఎవరో వచ్చారు. అక్క గొంతు, "పదిహేను, నాలుగు." సొరుగు తెరిచిన చప్పుడు. సరిగ్గానే చెప్పి ఉంటుంది.

సొరుగులమ్మ ఇంకో గరిటె కూర వడ్డించుకుంది. అక్క ఎంత తింటుందో చూసింది కదా ఇన్నేళ్ళు. అంతకన్నా ఒక ముద్ద ఎక్కువే తింటుంది. పొద్దున అక్క నడకకు ఎన్నింటికి లేస్తుందో మాత్రం గుర్తు రాలేదు. అడగడానికి నామోషీ. చెప్పులు తలుపు దగ్గరే పెట్టుకుని పడుకోవాలి. అక్క కదిలిన చప్పుడైతే వెంటనే లేచి వెంట పోవచ్చు.