తోక పట్టే డెల్మీరో

ఆ పొద్దున డెల్మీరో చెయ్యి నిజంగానే బెణికిందా? ముప్పయ్యేళ్ళు దాటినా నాకు తెలియదు.

స్పెయిన్‌లో మా గలీసియా కొండల్లో గుర్రాలు ఏడాదంతా వాటి ఇష్టాన తిరుగుతాయి. వేసవిలో ఊరంతా కొండెక్కి వాటిని రాతిగోడల దొడ్డిలోకి తోలుకొస్తాం. తాడూ కర్రా వాడం. ఒకరు మీదికి దూకి, ఒకరు తలను వాటేసుకుని, ఒకరు తోక పట్టి, ముగ్గురూ వట్టి చేతులతోనే గుర్రాన్ని ఆపాలి. అది నిలబడ్డాక జూలు కత్తిరించేది నేను.

డెల్మీరో తోక మనిషి. పొలాలకు రాతి కంచెలు కట్టి బతికేవాడు. పెళ్ళి చేసుకోలేదు. చప్పట్లన్నీ మీదికి దూకినవాడికే. దుమ్ములో తోక పట్టినవాణ్ణి ఎవరూ చూడరు. అదే హాయి అనేవాడు. ఇరవై ఏడేళ్ళు ఆ చోటు వదల్లేదు.

అతని తమ్ముడి కూతురు బల్బీనాకు ఆ చోటే కావాలి. మూడేళ్ళుగా అడుగుతుంటే జట్టు పెద్ద అమారో నవ్వి ఊరుకునేవాడు. ఈసారీ కాదంటే ఇక ఎప్పుడూ అడగనని ఆమె ఇంట్లో చెప్పేసింది.

ఆ రోజు డెల్మీరో కుడిచేతికి గుడ్డ చుట్టుకుని వచ్చాడు.

"బెణికింది. పిల్లని పెట్టుకో," అన్నాడు అమారోతో.

"ఇది రొట్టెపిండి పిసకడం కాదురా. గుర్రం తంతే మీ తమ్ముడికి నేనేం చెప్పుకోను?"

"పోయినేడు నిన్ను తన్నితే మీ ఆవిడ ఎవర్నీ ఏమీ అడగలేదుగా."

అందరూ నవ్వారు. అమారో మొహం గంటుపెట్టుకుని, "సరే, ఒక్కటంటే ఒక్క గుర్రం," అన్నాడు.

నల్ల ఆడగుర్రం. అమారో కొడుకు మీదికి దూకాడు, అమారో తల పట్టాడు. బల్బీనా తోక అందుకుంది గానీ, గిట్టలు లేచేసరికి చేతులు చాచి దూరం జరిగింది.

"దూరంగా ఉంటేనే తన్ను గట్టిగా తగుల్తుంది," గోడమీంచి డెల్మీరో అన్నాడు. "దాన్ని ఆనుకుని నిలబడమ్మా."

"నేను ఆనుకుంటున్నా పెదనాన్నా, అదే ఆననివ్వట్లేదు."

"బరువు ఎటు వేస్తోందో చూసి అటే లాగు."

ఆమె చెంప దాని తొడకు ఆనించి పక్కకు లాగింది. గుర్రం అరచుట్టు తిరిగి, ఒళ్ళంతా వణికి, నిలబడిపోయింది. నేను జూలు కత్తిరించాను.

అమారో రొప్పుతూనే, "పిల్లా, ఎక్కడికీ పోకు. తర్వాత ఆ బూడిదరంగుది," అన్నాడు.

బల్బీనా గోడవైపు చూసింది. నేనూ చూశాను. డెల్మీరో అప్పటికే గేటు దాటి, కోటు భుజాన వేసుకుని, ఎవరికీ చెప్పకుండా ఊరి దారిన దిగిపోతున్నాడు.