తల లేని పెళ్ళికొడుకు

మా ఆయన సదానందం పెళ్ళి ఫొటోగ్రాఫర్. సుబేదారిలో స్టూడియో. "ఫొటో ఎవడైన తీస్తడు, నేను జంట కథ చెప్త" అనేది ఆయన ఊతపదం. అమ్మాయిని రామప్ప గుడి దగ్గర నిలబెట్టి, అబ్బాయిని పాలంపేట పొలం గట్ల మీద నడిపించి, ఏడు జన్మలుగా ఒకరినొకరు వెతుక్కుంటున్నట్టు చూపిస్తాడు. తీరా చూస్తే ఇద్దరిదీ ఒకే కాలేజీ, ఒకే బస్సు.

మరి మా కథ అంటారా? అడక్కపోయినా చెబుతాను.

మా పెళ్ళిలో ఫొటోలు తీసేవాడు వెలుగుకు ఎదురుగా నిలబడ్డాడని ఈయనకు ఒళ్ళు మండింది. బాసింగంతోనే పీటల మీది నుంచి లేచి వాడి కెమెరా లాక్కున్నాడు. ఇంకేముంది, ఆల్బమ్ నిండా నేనే. పసుపు పూసుకుని నేను, జీలకర్రబెల్లం నెత్తిన పెట్టుకుని నేను. పుస్తె కట్టడానికి రెండు చేతులూ కావాలి గనుక అప్పుడు మాత్రం కెమెరా మా చంద్రమౌళి మామకిచ్చాడు. మామ తీసిన ఆ ఒక్క ఫొటోలో నా మెడ ఉంది, పుస్తె ఉంది, రెండు చేతులున్నాయి. పెళ్ళికొడుకు తల లేదు.

"ఈ చేతులు ఎవలియి వినోదా?" అని చూసినవాళ్ళంతా అడిగేవారు. "మా ఆయనయే, తల ఎనుక వస్తదట" అని నవ్వుతూనే చెప్పేదాన్ని. లోపల మాత్రం బాధగానే ఉండేది. ఊరందరి జంటలూ ఆయన స్టూడియో గోడకెక్కాయి. మేమిద్దరం ఒక్క ఫొటోలోకి ఎక్కలేదు.

ఈ ఏడు మా అమ్మాయి మానస పెళ్ళి కుదిరింది. మండపంలో పెద్ద తెర మీద అమ్మానాన్నల పెళ్ళిఫొటో వేయాలని పట్టుబట్టింది. "ఆ చేతులనే ఎయ్యిండ్రి" అన్నాను. ఆయన ముఖం వాడిపోయింది. నాకు జాలేసింది, కొంచెమే.

ఆయన దగ్గరే పని నేర్చిన షారుఖ్‌కు మానస పెళ్ళి ఫొటోలు తీసే పని అప్పగించాం. అయినా ఈయన మెడలో కెమెరా వేలాడుతూనే ఉంది. నేను కన్యాదానం కోసం కాచుకున్నాను. అది ఒక్కరితో అయ్యే పని కాదు కదా. అయ్యగారు ఇద్దరినీ కూర్చోబెట్టి నా కొంగును ఆయన కండువాకు ముడివేశారు. ఇక ఎక్కడికి పోతాడు?

అల్లుడి కాళ్ళు కడుగుతూ కడుగుతూ సగం లేచాడు. "గటు కాదు షారుఖ్, జర ఎడమ దిక్కు..."

ముడి పట్టుకుని గుంజాను. "కూసోండ్రి. ఇయ్యాల మీరు ఫొటోల ఉండెటోళ్ళు, తీసెటోళ్ళు కాదు." మెడలోని కెమెరా తీసి నా ఒళ్ళో పెట్టుకున్నాను.

"సార్, జర నవ్వుండ్రి" అన్నాడు షారుఖ్.

ఆ ఫొటో వచ్చింది. మిగతా అందరం కెమెరానే చూస్తున్నాం. ఆయన తల నిండుగా ఉంది కానీ నా వైపు తిరిగి ఉంది.

"అందరికి కెమెరాను చూడుమని చెప్తరు. మీరేంది నన్ను చూస్తాండ్రు?"

"గిన్నేండ్లు కెమెరాల నుంచే చూసిన. ఉత్త కండ్లకు ఎట్లుంటవో చూద్దామని."

నాకు కళ్ళు చెమర్చాయి. ఆయనకు చూపించలేదు, అది కూడా ఫొటో తీస్తాడు.

ఆ ఫొటోను స్టూడియో గోడకు నేనే తగిలించాను, పక్కన ఆ చేతుల ఫొటో. అవి ఎవరివని ఇప్పుడు ఎవరూ అడగడం లేదు.