సరోజక్క మగ్గం ఆగలేదు

మా చిన్నప్పుడు... గద్వాలలో మా వీధికి గడియారం అక్కర్లేదు. పొద్దున్నే ఇంటింటా మగ్గం చప్పుడు మొదలయ్యేది. మా పెద్దనాయన ఇంట్లో గుంత మగ్గం మీద ఆయనా, ఆయన కూతురు సరోజక్కా కూర్చునేవారు. మా చీరలకు ఒంటికి నూలు, అంచుకు పట్టు... రెండూ కలిపి నేయాలంటే ఇద్దరు కావాలి. ఈ చివర ఒకరు దారపు కండె ఉన్న నాడె విసిరితే ఆ చివర ఇంకొకరు అందుకోవాలి. ఎవరు లేచినా మగ్గం ఆగిపోవాల్సిందే. నేను బడి వదిలాక అక్కడే కూర్చుని కండెలు చుట్టేదాన్ని.

ఇంకో సంగతి... ముట్టయిన ఆడపిల్ల మగ్గం తాకకూడదు. అందులో చౌడమ్మ తల్లి ఉంటుందని మా ఇళ్లల్లో నమ్మకం. మూడు రోజులు వెనక వసారాలో ఒక చాప, చెంబు, కంచం... అంతే. అందుకే సరోజక్క "దూరమైన" సంగతి ఎవరూ చాటించనక్కర్లేదు. చప్పుడు లేకపోతే వీధంతా తెలిసిపోయేది. "ఏంది వదినె, మగ్గం బందున్నది?" అని ఎదురింటి అత్త నవ్వుతూ అడిగేది. సరోజక్క మోకాళ్లలో ముఖం దాచుకునేది. అప్పటికి ఆమెకు పదహారేళ్లు.

మాకు తెలిసింది అంతే. ఎందుకు వస్తుందో, ఎన్ని రోజులుండాలో, ఎంతయితే ఎక్కువో... ఒక్కరూ ఒక్క ముక్క చెప్పలేదు. నా ఎనిమిదో తరగతిలో ఆ పాఠం వచ్చినప్పుడు సారు "గిది మీరు ఇంట్ల సదువుకోండ్రి" అని పేజీలు తిప్పేశాడు. ఇంట్లో ఆ పేజీ తెరిస్తే సరోజక్క వాళ్లమ్మ, మా పెద్దమ్మ, వీపు మీద ఒకటిచ్చింది.

ఆ ఏడే సరోజక్కకు నెలకు రెండుసార్లు రావడం మొదలైంది. వస్తే పది రోజులు, పదిహేను రోజులు... మగ్గం మీదేమో పెళ్లివాళ్ల చీర. పెద్దనాయన చెడ్డవాడు కాదు, కానీ ఒకరోజు నోరు జారాడు. "గిట్ల మాటిమాటికి దూరముంటే చీర ఎప్పుడు దిగుతది?" కన్నతండ్రి నోట ఆ మాట విన్నాక సరోజక్క ఆ పూట అన్నం ముట్టలేదు.

తర్వాతి నెల నుంచి మూడు రోజులే దూరం కూర్చుంది. నాలుగో రోజు తలస్నానం చేసి మగ్గంలోకి దిగింది... రక్తం ఆగకుండానే. నాకు తప్ప ఎవరికీ తెలియదు. దొడ్లో తడికల చాటున ఆమె బట్టలు ఉతుక్కుంటుంటే బయట కాపలా నేనే. ఎవరైనా వస్తే దగ్గాలి... అదీ నా పని.

"చెల్లె, ఎవ్వరికీ చెప్పకు. మైలల మగ్గం ముట్టిన్నని తెలిస్తే అమ్మ నన్ను బత్కనియ్యదు. తల్లి గూడ ఊకోదు" అని నా చెయ్యి తన నెత్తి మీద పెట్టుకుంది. నేను ఒట్టేశాను.

నెలలు గడిచేకొద్దీ మనిషి పాలిపోయింది. గుంతలోంచి లేస్తే కళ్లు తిరిగి గోడ పట్టుకునేది. "తల్లికి కోపమొచ్చింది చెల్లె, మగ్గం ముట్టిన పాపం" అనేది. నేనూ నమ్మాను. పెద్దవాళ్లు కామెర్లనుకుని పసరు తాగించారు.

చివరికి దవాఖానకు తీసుకెళ్లారు. తోడుగా నేనూ వెళ్లాను. డాక్టరమ్మ కంటి రెప్ప కిందికి లాగి చూసి, "నెలనెలా మంచిగ అయితదా? ఎన్ని దినాలుంటది?" అని అడిగింది. సరోజక్క నోరు విప్పేలోపే పెద్దమ్మ అందుకుంది.

"మంచిగనే అయితది డాక్టరమ్మా. మూడు దినాలే. నాలుగోనాడు మగ్గం మీదుంటది."

వెనకాల పెద్దనాయన నిలబడి ఉన్నాడు. సరోజక్క నా వైపు చూసింది. చెప్పొద్దని చూసిందో, చెప్పమని చూసిందో... ఇన్నేళ్లయినా నాకు తెలియదు. నేను తల దించుకున్నాను. డాక్టరమ్మ గోలీలిచ్చి రక్తపరీక్ష రాసింది. చీర దిగాక చేయిద్దామనుకున్నారు మావాళ్లు.

చీర దిగింది. ఆ వారమే సరోజక్క మగ్గం దగ్గర పడిపోయింది. కర్నూలు తీసుకెళ్తుంటే దారిలోనే ప్రాణం పోయింది. ఒంట్లో రక్తమే లేదన్నారు.

అది మందులతో ఆగే జబ్బేనట. ఆ వయసు పిల్లల్లో చాలామందికి వచ్చేదేనట. పెళ్లయ్యాక వనపర్తిలో నా కోసం దవాఖానకు వెళ్లినప్పుడు ఒక నర్సమ్మ మాటల్లో చెప్పింది. బస్టాండులో కూర్చుని ఏడ్చాను... ఒక్క మాట, నేను చెప్పగలిగిన ఒకే ఒక్క మాట.

ఇప్పుడు కాలం మారిందంటారు. దుకాణంలో ప్యాడ్లు అడిగితే దొంగసొత్తు ఇచ్చినట్టు నల్ల కవర్లో చుట్టి ఇస్తారు. మొన్న మా అమ్మాయి బడిలో పిల్లలకు ఒంటి మార్పుల గురించి క్లాసు పెట్టిస్తామంటే తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పెద్ద గొడవ. "ఈ వయసుల పిల్లలకు గివన్నీ ఎందుకు సార్?" అని ఒకాయన. కింద వరసగా మెచ్చుకోలు గుర్తులు. నేను సరోజక్క గురించి టైపు చేశాను... చెరిపేశాను. క్లాసు రద్దయింది.

నిన్న సాయంత్రం మా అమ్మాయి, పదమూడేళ్లది, నల్లా తిప్పుకుని స్నానాల గదిలో చాలాసేపు ఉండిపోయింది. లోపల బట్టలు ఉతుకుతున్న చప్పుడు. ఈ నెలలో ఇది రెండోసారి. తలుపు తట్టబోయి ఆగిపోయాను. తను బయటికొచ్చి, "ఏంది మమ్మీ, గిట్ల నిలబడ్డవ్?" అంది.

"ఏం లేదు బిడ్డా" అన్నాను.

మళ్లీ తలుపు బయట కాపలాయే నాకు... ఇంతమంది ముందు ఇదంతా రాయగలిగాను కానీ, కన్నబిడ్డతో ఒక్క మాట మొదలుపెట్టలేకపోతున్నాను. మీలో ఎవరైనా మీ పిల్లలతో మాట్లాడి ఉంటే, మొట్టమొదట ఏమన్నారో కింద రాయండి... సాయంత్రం అది బడి నుంచి వచ్చేలోపు నాకు ఆ మాట కావాలి.